ఏడాది పాటు అజిత్రోమైసిన్: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మా అమ్మకి బ్రాంకియెక్టాసిస్ (ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు సాగిపోయి కఫం నిలిచిపోయే జబ్బు) అని తేలి ఆరేళ్లయింది. అందులో ఏడాదిన్నర పాటు వారానికి మూడు చొప్పున అజిత్రోమైసిన్ మాత్రలు వాడాం. అప్పటి నుంచి చుట్టాల్లో, తెలిసినవాళ్లలో ఎవరికి ఈ మందు రాసినా ఫోన్ నాకే వస్తుంది, అడిగేవీ దాదాపు అవే ప్రశ్నలు. అందుకని ఒకచోట రాసిపెట్టేశాను. నేను డాక్టర్ని కాదు, ఇంట్లో మనిషిని చూసుకున్నదాన్ని. చదివి, డాక్టర్లను విసిగించి, కొన్ని తప్పులు చేసి తెలుసుకున్నవే ఇవి. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుందో నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

## డాక్టర్ రాశారు, ఇంకా మొదలుపెట్టలేదు

యాంటీబయాటిక్ అంటే మూడు రోజులో ఐదు రోజులో కదా, ఏడాది ఏమిటండీ?

మందుల షాపులో కుర్రాడు కూడా ఇదే అడిగాడు, చీటీ తిప్పి తిప్పి చూసి. మామూలుగా గొంతు నొప్పికో జ్వరానికో ఇచ్చేటప్పుడు ఈ మందు పని సూక్ష్మజీవుల్ని చంపడం, అది కొద్ది రోజుల్లో అయిపోతుంది. ఇక్కడ దానితో చేయించుకునే పని వేరు. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి మందుల్ని మాక్రోలైడ్లు అంటారు. వీటికి శ్వాసనాళాల లోపలి వాపును నెమ్మదింపజేసే గుణం కూడా ఉంది, తెల్ల రక్తకణాలు అక్కడికి గుంపులుగా చేరి గోడల్ని పాడుచేయడం తగ్గుతుంది, కఫం ఊరడం తగ్గుతుంది. నాళాలు ఒకసారి సాగిపోయి వెడల్పయ్యాక వాటిలో కఫం నిలుస్తుంది, నిలిచిన కఫంలో క్రిములు పెరుగుతాయి, వాటివల్ల వాపు వస్తుంది, ఆ వాపు నాళాన్ని ఇంకా పాడుచేస్తుంది. ఈ చక్రాన్ని నిదానం చేయడానికే ఇన్ని నెలలు. జబ్బు పోదు, జబ్బు ముదిరి మంచం పట్టే రోజులు తగ్గుతాయి. ఈ తేడా మొదటిరోజే అర్థమైతే తర్వాత సగం టెన్షన్ ఉండదు.

ఇది కొత్త ప్రయోగమా? మా మీద చేస్తున్నారా?

కాదు, నలభై ఏళ్ల చరిత్ర ఉంది. జపాన్‌లో డిఫ్యూజ్ పాన్‌బ్రాంకియొలైటిస్ అని ఒక ఊపిరితిత్తుల జబ్బు ఉండేది, చిన్న చిన్న గాలిగొట్టాల్లో వాపు, రోజూ బోలెడు కఫం. 1970ల్లో అది వచ్చినవాళ్లలో ఐదేళ్లు బతికినవాళ్లు నూటికి 63 మంది. 1980ల్లో షోజీ కుదో అనే డాక్టర్ తక్కువ డోసు ఎరిత్రోమైసిన్‌ని నెలల తరబడి ఇచ్చి చూశారు. ఆ ఆలోచనకు మూలం ఊళ్లో ప్రాక్టీసు చేసుకునే ఒక డాక్టరు చీటీ. ఆయన ఇచ్చిన ఎరిత్రోమైసిన్‌తో తగ్గిన రోగి ఒకరు పెద్దాసుపత్రి డాక్టర్ల కంట పడ్డారు. 1985 తర్వాత అదే జబ్బులో ఐదేళ్లు బతికినవాళ్లు నూటికి 91కి చేరారు. ఆ తర్వాతే ప్రపంచమంతా బ్రాంకియెక్టాసిస్‌లో, సీఓపీడీలో (గాలిగొట్టాలు ఇరుకైపోయి ఆయాసం వచ్చే జబ్బు), ఉబ్బసంలో దీన్ని పరీక్షించడం మొదలైంది.

నాకు నిజంగా అవసరమా? దగ్గున్న ప్రతివాళ్లకీ ఇచ్చేస్తారా?

ఇవ్వకూడదు. బ్రాంకియెక్టాసిస్ ఉంటే, ఏడాదిలో మూడు సార్లు లేదా అంతకన్నా ఎక్కువ సార్లు జబ్బు ముదిరి యాంటీబయాటిక్ కోర్సు వాడాల్సి వచ్చిందా అని చూస్తారు. సీఓపీడీలో ఇన్‌హేలర్లు సరిగ్గా వాడుతున్నా మళ్లీ మళ్లీ ఆయాసం ముదిరి స్టెరాయిడ్లు పడుతున్నవాళ్లకి, ఆసుపత్రిలో చేరినవాళ్లకి ఆలోచిస్తారు. ఉబ్బసంలో కూడా ఇంతే, మిగతావన్నీ సరిగ్గా వాడాకే. ఇన్‌హేలర్ నోట్లో కొట్టుకుని మింగేస్తున్న మనిషికి ముందు ఇన్‌హేలర్ పీల్చడం నేర్పాలి, అజిత్రోమైసిన్ కాదు.

అందుకే డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు "ఎప్పుడూ దగ్గే డాక్టర్ గారూ" అనకుండా లెక్క పట్టుకెళ్లండి. మేము గోడమీద వెంకట్రామా క్యాలెండర్‌లోనే జబ్బు చేసిన రోజుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాళ్లం, ఆ కాగితాలు చించి ఫైల్లో పెట్టి తీసుకెళ్లాం. మొదలుపెట్టక ముందు ఏడాదిలో ఐదు సార్లు. ఆ ఐదు అనే అంకె లేకపోతే మందు పనిచేసిందో లేదో తర్వాత చెప్పడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు.

చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గింది. ఇప్పుడు ఈ కఫం మళ్లీ టీబీయేనా?

అయ్యుండొచ్చు, కాకపోవచ్చు, తెమడ పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. మన దేశంలో బ్రాంకియెక్టాసిస్‌కి పెద్ద కారణం పాత టీబీయే. 2019లో వచ్చిన భారత రిజిస్ట్రీ లెక్కల్లో 2195 మంది రోగుల్లో మూడో వంతు కంటే ఎక్కువ మందికి మూలం అదే అని తేలింది. అమ్మది కూడా అదే కథ, పెళ్లయిన కొత్తలో టీబీ, మందులు పూర్తిగా వాడి తగ్గిపోయింది, కానీ ఎడమ ఊపిరితిత్తి కింది భాగంలో నాళాలు సాగిపోయి అలాగే ఉండిపోయాయి. ఇరవై ఏళ్ల పాటు అందరూ "పొగమంచు పడదు", "దుమ్ము పడదు" అంటూ వచ్చారు. ఛాతీ సీటీ స్కాన్ తీస్తేగానీ అసలు సంగతి బయటపడలేదు. ఎక్స్‌రేలో ఇది చాలాసార్లు సరిగ్గా కనిపించదు.

ఊళ్లో టీబీ అన్న మాట వినపడితే చాలు, గ్లాసు వేరే పెడతారు. పాత టీబీ మచ్చ వల్ల వచ్చే కఫం ఎవరికీ అంటదు. ఈ మాట ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి, కోడళ్లకీ, పక్కింటివాళ్లకీ కూడా.

ఒక్క మాత్రకి ముందు ఇన్ని టెస్టులా? డబ్బు గుంజడానికేనా?

నాకూ అదే అనుమానం వచ్చింది, తర్వాత ఒక్కొక్కటీ ఎందుకో అడిగి తెలుసుకున్నాను. ఈసీజీ: ఈ మందు గుండె కొట్టుకునే కరెంటు లయను కాస్త సాగదీస్తుంది, దాన్ని క్యూటీ అంటారు. సరిచేసి లెక్కగట్టిన క్యూటీ మగవాళ్లలో 450 మిల్లీసెకన్లు, ఆడవాళ్లలో 470 దాటి ఉంటే సాధారణంగా మొదలుపెట్టరు. లివర్ పరీక్ష: మొదట ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి, ఆపైన ఆర్నెల్లకోసారి. చెవులు ఎలా వినిపిస్తున్నాయో అడుగుతారు, ముందే తక్కువ వినిపిస్తుంటే చెవి పరీక్ష చేయిస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది తెమడ పరీక్ష, దీన్నే ఎక్కువమంది ఎగ్గొడతారు. టీబీ కోసం చూస్తారు, దాంతోపాటు టీబీ కాని మైకోబాక్టీరియా కోసం కూడా కల్చర్ (తెమడలోని క్రిముల్ని పెంచి చూసే పరీక్ష) పెట్టించాలి. ఇవి నీళ్లలో, మట్టిలో ఉండే క్రిములు, దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లో చేరి కాపురం పెడతాయి. వాటికి చికిత్సలో వెన్నెముకలాంటి మందు మాక్రోలైడే, కాకపోతే అది మరో రెండు మందులతో కలిపి ఇవ్వాలి. అవి లోపల ఉండగా అజిత్రోమైసిన్ ఒక్కదాన్నే నెలల తరబడి ఇస్తే ఆ క్రిములు మందుకి లొంగకుండా తయారవుతాయి, అసలు చికిత్సే చేతిలోంచి జారిపోతుంది. కల్చర్ రిపోర్టు రావడానికి ఆరు వారాల దాకా పట్టొచ్చు. ఆగండి. ఇన్నేళ్లు దగ్గినవాళ్లు ఆరు వారాలు ఆగితే ఏం కాదు.

మా నాన్న ఇంకా చుట్ట మానలేదు. పనిచేస్తుందా?

సీఓపీడీ అయితే పెద్దగా పనిచేయదు, ఇది నా ఉపన్యాసం కాదు. అమెరికాలో 1142 మంది మీద ఏడాది పాటు రోజుకి 250 మిల్లీగ్రాములు ఇచ్చి చేసిన పరీక్ష 2011లో అచ్చయింది. మొత్తం మీద చూస్తే మొదటిసారి జబ్బు ముదిరే దాకా పట్టిన కాలం 174 రోజుల నుంచి 266 రోజులకి పెరిగింది. అదే ఇంకా పొగతాగుతున్నవాళ్లని విడదీసి చూస్తే లాభం కనిపించలేదు. చుట్టతో పాటు కట్టెల పొయ్యి కూడా చూసుకోండి. మా పెద్దమ్మ జన్మలో బీడీ ముట్టలేదు, నలభై ఏళ్లు పొయ్యి ఊది సీఓపీడీ తెచ్చుకుంది.

పక్కింటాయనకి ఇదే రాశారు, బాగా పనిచేసిందట. నేనూ కొనుక్కుని వాడేయనా?

వద్దు. ఆయన ఈసీజీ మీ ఈసీజీ కాదు, ఆయన తెమడ మీ తెమడ కాదు. యాంటీబయాటిక్ అట్టల మీద నిలువుగా ఎర్రగీత చూసే ఉంటారు, డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని చెప్పే గుర్తు అది, 2016 నుంచి దాని గురించి ప్రచారం చేస్తున్నారు. షాపువాళ్లు చీటీ అడక్కుండానే ఇచ్చేస్తారు, ఆ సంగతి నాకూ తెలుసు.

## మొదలుపెట్టాక, మొదటి మూడు నెలలు

సోమ, బుధ, శుక్రవారాలే వేసుకోమన్నారు. మధ్య రోజుల్లో మందు ఒంట్లో లేనట్టే కదా?

ఉంటుంది. అజిత్రోమైసిన్ రక్తంలోంచి కండల్లోకి, కణాల్లోకి చేరి అక్కడ తిష్ఠ వేస్తుంది, ఒంట్లో దాని పరిమాణం సగానికి పడటానికే దాదాపు 68 గంటలు పడుతుంది. అందుకే రోజు విడిచి రోజు, ఆదివారం సెలవు. మామూలుగా 500 మిల్లీగ్రాములు వారానికి మూడుసార్లు, కడుపుకి పడనివాళ్లకి 250తో మొదలుపెడతారు, కొందరు డాక్టర్లు రోజూ 250 రాస్తారు. న్యూజిలాండ్‌లో బ్రాంకియెక్టాసిస్ ఉన్న 141 మందికి 500 చొప్పున వారానికి మూడుసార్లు ఆర్నెల్లు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో సగటున మనిషికి 1.57 సార్లు జబ్బు ముదిరింది, అసలు మందు వేసుకున్నవాళ్లలో 0.59 సార్లే.

అన్నం తిన్నాకా, ముందా? గ్యాస్ మందుతో కలిపి వేసుకోవచ్చా?

మాత్ర అయితే ఎలాగైనా పర్వాలేదు, కడుపులో తిప్పేవాళ్లు తిన్నాక వేసుకుంటే హాయి. గ్యాస్‌కి తాగే తెల్ల మందు ఉంటుంది చూడండి, అల్యూమినియం, మెగ్నీషియం ఉన్నది, దానికీ దీనికీ రెండు గంటల ఎడం పెట్టండి. మనవాళ్లు ఎవరూ పట్టించుకోనిది ఇంకోటి ఉంది: పాన్ డి లాంటి గ్యాస్ మాత్రల్లో డాంపెరిడోన్ అనే మందు కలిసి ఉంటుంది, అది కూడా క్యూటీని సాగదీసేదే. అమ్మ ప్రతి ఉదయం పరగడుపున అది వేసుకునేది, అది కూడా ఒక మందేనని ఆమె లెక్కలో లేదు, నేనూ డాక్టర్‌కి చెప్పలేదు. రెండో నెలలో చీటీలన్నీ చూసి ఆయనే పట్టుకుని ఉత్త పాంటాప్రజోల్‌కి మార్చారు.

ఒక రోజు మర్చిపోయాను, రేపు రెండు వేసుకోనా?

రెండు వేసుకోవద్దు. గుర్తొచ్చిన రోజు ఒకటి వేసుకుని మళ్లీ మీ వారాల్లో పడిపోండి.

విరేచనాలు అవుతున్నాయి, ఆపేయాలా?

మొదటి రెండు మూడు వారాలు కడుపు గడబిడ మామూలే. రోజుకి రెండుసార్లు పల్చగా అయితే మజ్జిగన్నం తింటూ చూడండి, తిన్నాక వేసుకోండి, తగ్గకపోతే డోసు తగ్గించమని అడగండి. చాలామందికి 250కి దిగగానే సర్దుకుంటుంది. నీళ్లలా పదే పదే అవుతున్నా, రక్తం పడుతున్నా, జ్వరం కూడా ఉన్నా అది వేరే సంగతి. మాత్ర ఆపి అదే రోజు డాక్టర్‌ని చూడండి. కళ్లు పచ్చబడ్డా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా అంతే, అది లివర్ వైపు నుంచి వచ్చే సూచన.

చెవిలో గుయ్‌మంటోంది, టీవీ సౌండ్ పెంచమంటున్నాను. దీనివల్లేనా?

అవ్వొచ్చు, వెంటనే చెప్పండి. ఆ 1142 మంది పరీక్షలోనే వినికిడి తగ్గినవాళ్లు మందు వాడినవాళ్లలో నూటికి 25, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 20. అంటే వయసు వల్ల తగ్గేదీ అందులో కలిసే ఉంది. చాలావరకు మందు ఆపితే తిరిగి వస్తుంది, కాకపోతే చెప్పకుండా నెలలు లాగించకూడదు. పెద్దవాళ్లు తమంతట తాము ఒప్పుకోరు, ఇంట్లోవాళ్లే కనిపెట్టాలి. ఫోన్‌లో "ఆఁ?" అని రెట్టించి అడగడం ఎక్కువైందేమో చూడండి.

గుండె ఆగిపోతుందట, ఎక్కడో చదివాను. భయమేస్తోంది.

2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక ఇచ్చింది నిజమే. ప్రమాదం అందరికీ సమానంగా ఉండదు: ముందే క్యూటీ సాగి ఉన్నవాళ్లు, గుండె లయ తప్పినవాళ్లు, గుండె బలహీనమైనవాళ్లు, పొటాషియం, మెగ్నీషియం తక్కువైనవాళ్లు, లయకి మందులు వాడేవాళ్లు జాగ్రత్తపడాలి. అందుకే మొదట ఒక ఈసీజీ, నెల తర్వాత ఇంకొకటి. రెండూ బాగుంటే ప్రమాదం చాలా తక్కువ. గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం జరిగితే మాత్రం మాత్ర ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. మా మేనమామకి బైపాస్ అయింది, గుండె లయకి అమియోడరోన్ వాడుతున్నారు, ఆయనకి ఈ మందు రాయనే లేదు, అది సరైన పనే.

బీపీ, షుగరు, ఆయాసం మందులు ఇప్పటికే ఉన్నాయి. కలిసిపోతాయా?

బీపీ, షుగరు మాత్రలతో సాధారణంగా పేచీ లేదు. చూసుకోవాల్సినవి వేరే: అమియోడరోన్ లాంటి గుండె లయ మందులు, డిగాక్సిన్, రక్తం పల్చబడే వార్ఫరిన్ (దీనికి రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష తొందరగా మళ్లీ చేయించాలి), వాంతులకి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, మానసిక సమస్యలకి వాడే కొన్ని మాత్రలు. మన దగ్గర ఆయాసానికి డెరిఫిల్లిన్ విరివిగా రాస్తారు, అందులో థియోఫిల్లిన్ ఉంటుంది. అజిత్రోమైసిన్‌తో దానికి గొడవ తక్కువే గానీ అదే మాక్రోలైడ్ కుటుంబంలోని ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్‌లతో థియోఫిల్లిన్ రక్తంలో పెరిగిపోయి దడ, వణుకు, వాంతులు తెస్తుంది. కొలెస్ట్రాల్‌కి వేసుకునే కొన్ని స్టాటిన్లతో కూడా ఆ రెండూ పడవు. అన్ని మాత్రల అట్టలూ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ ముందు గుమ్మరించడం అన్నిటికన్నా తేలిక.

రెండు నెలలైంది, ఏ తేడా లేదు. మానేయనా?

రెండు నెలల్లో తీర్పు చెప్పలేం. కొందరికి కఫం కాస్త తగ్గినట్టు, తెల్లబడినట్టు ముందే తెలుస్తుంది, చాలామందికి ఏమీ తెలియదు. ఎందుకంటే ఈ మందు ఇచ్చేది జరగని సంఘటనల రూపంలో ఉంటుంది: రావాల్సిన జ్వరం రాలేదు, పడాల్సిన సెలైన్ పడలేదు. రానిది కంటికి కనిపించదు కదా. కనీసం ఆర్నెల్లు, వీలైతే ఏడాది చూసి, ముందటి ఏడాది లెక్కతో పోల్చాలి. మొదటి మూడు నెలలూ అమ్మ "దండగ, దండగ" అంటూనే మింగింది. ఆ చలికాలంలో ఒక్కసారి కూడా ఆసుపత్రిలో చేరలేదని సంక్రాంతి వెళ్లాక నేను చెబితేగానీ ఆమెకీ తట్టలేదు.

## ఏడాది నడుస్తుండగా

ఇది వేసుకుంటుండగానే మళ్లీ జ్వరం, పచ్చ కఫం. అంటే మందు ఫెయిలైనట్టా?

ఒక్కసారి వచ్చినంత మాత్రాన కాదు. తగ్గుతాయి అన్నారు గానీ రావనలేదు. అలా వచ్చినప్పుడు మామూలు కోర్సు యాంటీబయాటిక్ వేరేది ఇస్తారు, వీలైతే దానికి ముందే తెమడ కల్చర్‌కి ఇవ్వండి. అజిత్రోమైసిన్ ఆపక్కర్లేదు, ఒక్క సందర్భంలో తప్ప: కొత్తగా ఇచ్చేది కూడా క్యూటీని సాగదీసేదైతే, అంటే లీవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ లాంటివైతే, ఆ రోజులు దీన్ని ఆపుతారు. ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో అమ్మకి లీవోఫ్లాక్సాసిన్ సెలైన్, వాంతులకి ఇంజెక్షన్, పైగా మన అజిత్రోమైసిన్, మూడూ ఒకేరోజు పడ్డాయి. ఏమీ కాలేదు, అదృష్టం. తప్పు సగం నాదే, అజిత్రోమైసిన్ నడుస్తోందని చేర్పించేటప్పుడు చెప్పలేదు. ఇప్పుడు పెద్ద అక్షరాలతో రాసిన చీటీ ఆమె పర్సులో ఉంటుంది, పంటి డాక్టర్ దగ్గరకు వెళ్లినా చూపిస్తుంది.

ఇంకొక మాట, ఫ్లోరోక్వినొలోన్లు, అంటే ఈ లీవోఫ్లాక్సాసిన్ కుటుంబం మందులు, టీబీని కొంత అణిచి దాచేస్తాయి కూడా. పాత టీబీ ఉన్నవాళ్లకి ఊరికే లీవోఫ్లాక్సాసిన్ రాసేస్తుంటే తెమడ పరీక్ష అయిందా అని అడగండి.

మాత్ర వేసుకుంటున్నాం కదా, కఫం తీసే ఎక్సర్‌సైజులు మానేయొచ్చా?

అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగేది ఇదే, నాకు కోపం తెప్పించేదీ ఇదే. మానకూడదు. గుంటలో నీళ్లు నిలిచి ఉంటే దోమల మందు ఎంత కొట్టినా ఏం లాభం, నీళ్లు తోడాలి. ఊపిరితిత్తుల్లో కఫం అంతే.

మా ఇంట్లో ఎలా చేస్తామో చెప్తాను. ఉదయం కాఫీకి ముందే డాక్టర్ చెప్పిన శ్వాసనాళాలు విప్పే ఇన్‌హేలర్, పది నిమిషాల తర్వాత 3 శాతం ఉప్పునీటి నెబ్యులైజేషన్, దాంతో కఫం పల్చబడుతుంది. మొదటిసారి ఉప్పునీరు ఆసుపత్రిలోనే పట్టించండి, కొందరికి ఛాతీ పట్టేస్తుంది. తర్వాత కూర్చుని మామూలుగా కాసేపు ఊపిరి, నిదానంగా లోతైన ఊపిరి మూడు నాలుగు, ఒక్క క్షణం బిగబట్టడం, ఆపైన నోరు తెరిచి అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని గట్టిగా వదలడం. దగ్గి దగ్గి నీరసపడటం కంటే ఈ "హా" రెండుసార్లు చాలు, కఫం పైకి వచ్చేస్తుంది. ఇదంతా పావుగంట, సాయంత్రం ఇంకోసారి. లోపల బంతి కదిలే ఫ్లట్టర్ పరికరం కూడా దొరుకుతుంది, ఊదుతుంటే ఛాతీ లోపల అదురుతుంది, కఫం కదులుతుంది. ఛాతీ ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది. వీడియో చూసి నేర్చుకున్నప్పుడు అమ్మ మూడు నెలలు తప్పుగా చేసింది, గొంతుతో "హా" అనేది, పొట్టలోంచి కాదు.

మాత్రకి మూడు సెకన్లు, దీనికి అరగంట. అందుకే అందరూ మాత్రని నమ్ముకుంటారు.

ఇన్నాళ్లు వాడితే రేపు ఏ మందూ పనిచేయకుండా పోతుందేమో?

ఈ భయం ఉత్తిది కాదు, కొట్టిపారేసే డాక్టర్ని నేను నమ్మను. నెదర్లాండ్స్‌లో 83 మంది మీద ఏడాది పాటు చేసిన పరీక్షలో, మందు వాడినవాళ్లలో మాక్రోలైడ్లకి లొంగని క్రిములు 88 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 26 శాతం. అయినా ఆ మందు వాడినవాళ్లకే జబ్బు ముదరడం తగ్గింది, ఎందుకంటే పనిచేస్తున్నది క్రిముల్ని చంపే గుణం ఒక్కటే కాదు. అలాగే, "ఏ మందూ" పనిచేయకుండా పోదు, ప్రధానంగా మొండికెత్తేది ఈ మాక్రోలైడ్ల కుటుంబానికే. కానీ ఆ లొంగని క్రిములు ఇంట్లోవాళ్లకీ, ఊరికీ కూడా చేరతాయి. కాబట్టి నిజంగా అవసరమైనవాళ్లకే మొదలుపెట్టడం, పనిచేయకపోతే ఆపేయడం, ఎండాకాలంలో విరామం ఇవ్వడం లాంటివి కొందరు డాక్టర్లు చేస్తారు. దగ్గొస్తే చాలు మూడు రోజుల అజిత్రోమైసిన్ మింగే అలవాటు దీనికంటే పెద్ద నేరం, అది మనందరి ఇళ్లలోనూ ఉంది.

తెమడలో సూడోమొనాస్ అని వచ్చింది. ఇదే మందు చాలా?

సూడోమొనాస్ మొండి క్రిమి, నాళాల్లో జిగురు పొర కట్టుకుని కూర్చుంటుంది. మొదటిసారి కనబడితే దాన్ని పూర్తిగా తరిమేయడానికి విడిగా గట్టి కోర్సు ఇస్తారు. పాతుకుపోయిందని తేలితే కొలిస్టిన్, టోబ్రామైసిన్ లాంటివి నెబ్యులైజర్ ద్వారా పీల్పిస్తారు, మందు నేరుగా ఊపిరితిత్తులకే వెళ్తుంది. వాటితోపాటు అజిత్రోమైసిన్ కూడా నడపొచ్చు. నెబ్యులైజర్ కప్పు, మాస్కు ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి. తడిగా వదిలేస్తే సూడోమొనాస్‌ని మనమే పెంచినట్టు.

దగ్గుతో రక్తం పడింది. ఆగొచ్చా?

కఫంలో చారికలా ఒకసారి పడితే అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. చెంచాలకొద్దీ పడుతుంటే ఆగకుండా పెద్దాసుపత్రికి. బ్రాంకియెక్టాసిస్‌లో ఇది ప్రాణం మీదకు రావచ్చు.

ఖర్చు ఎంత అవుతుంది?

500 మాత్ర ఒకటి సుమారు 20 నుంచి 25 రూపాయలు, వారానికి మూడు అంటే ఏడాదికి 156 మాత్రలు. జన్ ఔషధిలో ఇంకా తక్కువకి దొరుకుతుంది. అసలు ఖర్చు మాత్రలది కాదు, సీటీ స్కాన్, కల్చర్లు, రానూపోనూ చార్జీలు. ఒక చిన్న ఇబ్బంది: ఇవి మూడు, ఐదు మాత్రల అట్టలుగా వస్తాయి, షాపులో ఒకేసారి పన్నెండు అడిగితే అనుమానంగా చూస్తారు. చీటీ మీద "ఆరు నెలలు" అని డాక్టర్‌తో రాయించుకోండి.

అమెరికాలో మా అబ్బాయి కొత్త మందు వచ్చిందంటున్నాడు. అది మంచిదా?

బ్రెన్సొకాటిబ్ గురించి అయ్యుంటుంది. 2025 ఆగస్టులో అక్కడ అనుమతి వచ్చింది, బ్రాంకియెక్టాసిస్ కోసమే ప్రత్యేకంగా వచ్చిన మొదటి మాత్ర. యాంటీబయాటిక్ కాదు, తెల్ల రక్తకణాలు నాళాల్ని కొరికేసే ఎంజైముల్ని మొదట్లోనే అడ్డుకుంటుంది, కాబట్టి క్రిములు మొండికెత్తే బెడద లేదు. అక్కడ దాని ధర వింటే గుండె గుభేలుమంటుంది. అబ్బాయి అమెరికా నుంచి పంపిస్తానన్నా, ఇక్కడి డాక్టర్‌కి చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

## ఆపేటప్పుడు, ఆపాక

ఎంతకాలం వాడాలి? జీవితాంతమా?

ఎవరూ జీవితాంతం అని రాయరు, రాయకూడదు. పరీక్షలు చాలావరకు ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా చేసినవే. ఆర్నెల్లకి, ఏడాదికి కూర్చుని లెక్క చూడాలి: జబ్బు ముదిరినవి తగ్గాయా, ఆసుపత్రి రోజులు తగ్గాయా, చెవులు, ఈసీజీ, లివర్ ఎలా ఉన్నాయి. తగ్గకపోతే ఆపేయాలి, "ఏమో, ఆపితే ఇంకా ఎక్కువవుతుందేమో" అని లాగకూడదు. మా లెక్క ఏడాదికి ఐదు నుంచి రెండుకి వచ్చింది, అందుకే ఇంకో ఆర్నెల్లు కొనసాగించారు.

ఒక్కసారిగా ఆపొచ్చా, మెల్లగా తగ్గించాలా?

స్టెరాయిడ్ మాత్రల్లా దీన్ని మెట్లు మెట్లుగా తగ్గించక్కర్లేదు, ఆపేయొచ్చు. ఒంట్లోంచి మెల్లగా పోతుంది కాబట్టి మొదటి వారం పది రోజులు తేడా తెలియదు. మీరు ఆపాలనుకునే కాలం మాత్రం చూసుకోండి. కార్తీకంలో చలి మొదలవుతుండగా ఆపడం కంటే ఫాల్గుణం, చైత్రం నయం. ఆపే ముందు ఫ్లూ టీకా, న్యుమోకాకల్ టీకా వేయించారో లేదో చూసుకోండి.

ఆపాక మళ్లీ మొదలైంది. మళ్లీ వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ పాత అట్ట తీసి మీరే మొదలుపెట్టొద్దు. మళ్లీ ఈసీజీ, మళ్లీ తెమడ కల్చర్, ఎందుకంటే ఈ మధ్యలో టీబీ కాని ఆ మైకోబాక్టీరియా వచ్చి చేరి ఉండొచ్చు. అమ్మకి మార్చి నెలలో ఆపారు. ఆ ఏడు వర్షాకాలంలో ఒకసారి, దీపావళి పొగకి ఇంకోసారి ముదిరింది. రెండే కదా అని డాక్టర్ మళ్లీ మొదలుపెట్టలేదు, ఉప్పునీటి నెబ్యులైజేషన్‌ని 3 నుంచి 7 శాతానికి మార్చారు. ఈ ఏడాది క్యాలెండర్‌లో ఇప్పటిదాకా ఒక్క ఎర్ర సున్నా ఉంది, అది కూడా అమ్మ ఎవరిదో పెళ్లికి వెళ్లి వారం రోజులు ఎక్సర్‌సైజు ఎగ్గొట్టినప్పటిది.